పండగ పనులు: నెల ముందు నుంచి నేను వేసుకునే లెక్క

పండగ ముందు ఒత్తిడి దాదాపు ప్రతిసారీ రెండు చోట్ల పుడుతుంది: ఇతరుల చేతిలో ఉన్న పనిని ఆలస్యంగా అప్పజెప్పడం, ఎక్కడ ఆపాలో తెలియని పనిని మొదలుపెట్టడం. నా లెక్కంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

నాలుగు వారాల ముందు ఒక గంట కూర్చుని, గుర్తొచ్చిన ప్రతి పనినీ ఒకే చోట రాస్తాను. కాగితమైనా ఫోనైనా ఒకటే, కానీ రెండు చోట్ల రాయకూడదు. జాబితాలు రెండైతే ఏదో ఒకదాంట్లో ఏదో ఒకటి మిగిలిపోతుంది. 'ఇల్లు శుభ్రం' అని రాస్తే ఆ పని ఎప్పటికీ తెమలదు. 'హాల్లో ఫ్యాన్లు, కిటికీ ఊచలు తుడవాలి' అని రాసుకుని, ఎక్కడ ఆపాలో కూడా పక్కనే పెట్టుకోవాలి: 'అటక జోలికి పోవద్దు'. అటక మీది సామాను కిందికి దింపితే ఆ ఆదివారం పోయినట్టే. పాత ఫొటోలు తిరగేయడానికే ఒక పూట పడుతుంది.

రాశాక పనుల్ని మూడుగా విడదీస్తాను. మొదటివి ఇతరుల మీద ఆధారపడ్డవి: బట్టలు కుట్టించడం, రిపేర్లు, పార్సిళ్లు, టికెట్లు. రెండోవి నేనే చేయాల్సినవి, ముందే చేసిపెట్టుకోగలిగినవి. మూడోవి ఆ రోజే చేయాల్సినవి. సామాన్యంగా అందరం రెండో రకంతో మొదలుపెడతాం, ఎందుకంటే అవి కళ్లెదుట ఉంటాయి. నేను మాత్రం మొదటి వారమంతా మొదటి రకానికే ఇస్తాను. టైలర్ దగ్గర గానీ ప్లంబర్ దగ్గర గానీ, పండగ దగ్గరపడేకొద్దీ క్యూ పెరుగుతుంది, చేసే పని నాణ్యత తగ్గుతుంది. కుట్టిన బట్ట ఒక్కసారికే సరిపోతుందన్న నమ్మకం లేదు కాబట్టి, పండగకు కనీసం పది రోజుల ముందు చేతికొచ్చేలా అడుగుతాను. సరిచేయించడానికి ఒక వారం ఉంటుంది, ఆ తర్వాత కూడా రెండు మూడు రోజులు మిగులుతాయి. 'పండగలోపు ఇవ్వండి' అంటే ముందురోజు రాత్రి ఇస్తారు. తేదీ, వారం, పూట మూడూ చెప్పాలి.

తర్వాతది సమయం అంచనా. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. పనికి పట్టే కాలాన్ని తక్కువగా ఊహించుకునే ఈ అలవాటును 1979లో డేనియల్ కానెమన్, అమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎత్తిచూపారు. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహ పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్నాళ్లలో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎంత అంటే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 పైనే. అంటే, భయపడి వేసిన అంచనా కూడా చాలలేదు. అందుకే నా చేతిలోని పనికి మొదట తోచిన సమయాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తాను. ఇంకొకరితో ముడిపడ్డదైతే రెండు రెట్లు. షాపింగ్ అంటే షాపులో గడిపే గంట ఒక్కటే లెక్క కాదు. తయారవడం, వెళ్లడం, పార్కింగ్, బిల్లు దగ్గర నిలబడటం, తిరిగొచ్చి సర్దడం అన్నీ అందులోనే.

ఇక చేతిలో ఉన్న గంటలెన్నో చూడాలి. ఉద్యోగం చేసేవాళ్లకు పనిరోజుల్లో రోజుకు గంటన్నర, శని ఆదివారాల్లో ఐదేసి గంటలు దొరుకుతాయనుకుందాం. వారానికి 17.5 గంటలు. చివరి వారాన్ని లెక్కలోకి తీసుకోను కాబట్టి, మూడు వారాలకు 52.5. అందులో 30 శాతం పక్కన పెట్టేస్తాను. జ్వరం, కరెంటు పోవడం, చెప్పకుండా వచ్చే చుట్టాలు, వీటన్నిటికీ అదే వాటా. మిగిలేది దాదాపు 37 గంటలు. పనుల జాబితా కూడితే 50 వచ్చిందనుకోండి, 13 గంటల పని తీసెయ్యాలి. నిద్ర తగ్గించుకుని ఆ 13 గంటలు పూడ్చుకుందామనుకుంటే ఆ లెక్క పనిచేయదు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. అది తగ్గితే మర్నాడు అదే పనికి ఎక్కువసేపు పడుతుంది, చిరాకు అదనం.

తీసెయ్యడానికి నా ప్రశ్న ఒక్కటే: ఇది చేయకపోతే ఎవరు గమనిస్తారు? ఎవరూ గమనించరంటే కొట్టేస్తాను. ఇంట్లో ఒకరికి అది నిజంగా ఇష్టమంటే ఉంచుతాను, కాస్త చిన్నది చేసి. మిగతావి పంచుతాను. పంచడంలో ఒక మెలిక ఉంది. పని వాళ్లకిచ్చి, గుర్తుచేసే బాధ్యత మన దగ్గరే ఉంచుకుంటే బరువు సగం కూడా తగ్గదు. 'కానుకలు కొనడంలో సాయం చెయ్యి' అనకుండా, 'కానుకలు కొనే పనంతా నీదే. ఎవరెవరికి, మొత్తం ఎంతలో, ఏ తేదీలోపు అన్నది ఇదిగో' అని పూర్తిగా అప్పజెప్పాలి. తర్వాత వాళ్లు ఎంచిన రంగు నచ్చకపోయినా నోరు మెదపకూడదు. కష్టమే, కానీ ఒక్కసారి వంక పెడితే ఆ పని మళ్లీ మన నెత్తికే వస్తుంది.

డబ్బు విషయం మాత్రం మొదటి రోజే తేల్చేయాలి. మొత్తం ఖర్చుకు ఒక పరిమితి, అందులో పదోవంతు అనుకోనివాటికి. పేర్లూ మొత్తాలూ రాసుకోకుండా షాపుకు వెళ్లను.

పిలుపులకు 'చూసి చెప్తాను' అనడం నాకిష్టం లేదు. అది మనసులో అప్పులా ఉండిపోతుంది, పిలిచినవాళ్లకూ ఇబ్బందే. అదే రోజు జవాబిస్తాను, పెద్ద కారణాలు చెప్పను. 'వదినా, ఆ రోజు కుదరదు. మర్నాడు సాయంత్రం తీరిగ్గా వచ్చి కూర్చుంటాం' అంటే సరిపోతుంది. కారణం ఎంత పొడవైతే బేరమాడటానికి అంత సందు దొరుకుతుంది. ఒక రోజుకు ఒక ఇల్లే.

జాబితాలో ప్రతి పనికీ ఏ రోజు, ఎన్ని గంటలకు అని పక్కన రాయడం చాదస్తంలా కనిపించొచ్చు. మిగిలిపోయిన పని బుర్రలో తిరుగుతూ ఉంటే, దాన్ని ఎప్పుడు, ఎలా చేస్తామో ఖాయం చేసుకోవడంతోనే ఆ తిరుగుడు తగ్గుతుందని 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ పరిశోధకులు ప్రయోగాల్లో చూపించారు. పని ఇంకా పూర్తవకపోయినా సరే. రాత్రి పడుకోబోయే ముందు పనులు గుర్తొచ్చి లేచి కూర్చునేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. కాఫీ కూడా మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. మనం తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

పండగ నాటి టైమ్‌టేబుల్‌ను చివరి నుంచి వెనక్కి రాస్తాను. ఇంట్లో ఏడుగురు, బాత్‌రూమ్ ఒకటి, మనిషికి 15 నిమిషాలు అనుకుంటే గంటా ముప్పావు. తొమ్మిదికల్లా అందరూ తయారవ్వాలంటే మొదటివారు 7:15కు లోపలికి వెళ్లాలి. వంట కూడా ఇదే లెక్క. ఎంతమంది చేతులున్నా స్టవ్ మీద బర్నర్లు రెండే అయితే, అన్ని వంటకాల పొయ్యి సమయం కలిపి 240 నిమిషాలైనప్పుడు రెండు గంటల కన్నా ముందు అవదు. మనుషుల్ని పెంచితే వంటింట్లో రద్దీ పెరుగుతుంది, అంతే. తగ్గించాలంటే ఒక వంటకం బదులు పొయ్యి అక్కర్లేనిది పెట్టాలి, లేదా ఒకటి మానేయాలి. తరగడం, సామాను తీసి వరసగా పెట్టడం ముందురోజు సాయంత్రమే.

చివరి రెండు రోజుల్లో కొత్త పని ఏదీ పెట్టుకోను. అప్పటికీ ఒత్తిడి ఎక్కువైనట్టు అనిపిస్తే, ఒక పక్కన కూర్చుని ఐదు నిమిషాలు నిమిషానికి ఆరు ఊపిర్లు: నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి.

ఆఫీసు మెయిల్‌లో పెట్టే సెలవు సందేశంలో, తిరిగొచ్చే తేదీని నిజంగా వచ్చే రోజుకు ఒక రోజు తర్వాతిదిగా రాస్తాను. తిరిగొచ్చిన మొదటి రోజు మధ్యాహ్నం దాకా మీటింగులు ఉండవు. ఆ పూటలోనే మరో పని కూడా పెట్టుకుంటాను: పాత జాబితా తీసి, ఏ పనికి ఎంతసేపు అనుకున్నానో, నిజంగా ఎంత పట్టిందో పక్కపక్కన రాస్తాను. వారం ఆగితే ఆ అంకెలు గుర్తుండవు, మళ్లీ ఊహతోనే మొదలుపెట్టాల్సి వస్తుంది.