చెరసాలలో యోసేపు అడిగిన మాట

బైబిల్లోని యోసేపు కథను మనం ముగింపు తెలిసే చదువుతాం. ఆదికాండం 37వ అధ్యాయంలో అన్నలు అతన్ని గుంటలో పడేస్తుంటేనే మన మనసు 41వ అధ్యాయంలో ఐగుప్తు రాజు ఫరో అతనికి అధికారంతో పాటు ఇచ్చిన ఉంగరం దగ్గరికి పరుగెడుతుంది. అతనికి 41వ అధ్యాయం ఉందని ఎవరూ చెప్పలేదు. 17 ఏళ్ల వయసులో 20 తులముల వెండికి అమ్ముడుపోయాడు, ఫరో ముందు నిలబడేసరికి 30 ఏళ్లు. ఆ 13 ఏళ్లలో దేవుడు అతనికి కనబడి ధైర్యం చెప్పినట్టు ఒక్క వచనం కూడా లేదు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులతో మాట్లాడిన దేవుడు యోసేపుతో అలా నేరుగా మాట్లాడినట్టు ఎక్కడా రాయలేదు. అతని దగ్గరున్నవి చిన్నప్పటి రెండు కలలు. అవి చెప్పినందుకే అన్నలకు పగ ఇంకా పెరిగింది.

అతన్ని కొన్న ఐగుప్తు అధికారి పోతీఫరు ఇంట్లో, ఆ యజమాని భార్య తనతో పడుకోమని పిలిచిన శోధన గురించి ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం. పారిపోయాడు, మనమూ పారిపోవాలి అంటారు. నిజమే. కానీ అది ఒక్క రోజు వచ్చిన శోధన కాదు. ఆమె అనుదినము అతనితో మాట్లాడుతూ వచ్చిందని 39:10 చెబుతుంది. రోజూ అదే ఇల్లు, అదే మనిషి, అదే మాట. పైగా ఆ దేశంలో అతని దేవుణ్ణి ఎరిగినవాడు లేడు. నాన్నకు తెలుస్తుందన్న భయం లేదు, ఆ నాన్న దృష్టిలో కొడుకు ఎప్పుడో చనిపోయాడు.

అన్నిటికంటే బలమైన శోధన ఆమె మాటల్లో కంటే అతని గాయంలోనే ఉండివుంటుందని నాకనిపిస్తుంది. అన్యాయం జరిగినవాడికి ఒక రకమైన హక్కు పుట్టుకొస్తుంది. 'ఇంత జరిగాక ఇంకా నీతిగా ఉండి ఏం లాభం? దేవుడు నా మాట విన్నాడా? ఈ కాస్త సుఖం నాకు దక్కకూడదా?' బాగా ఉన్న రోజుల్లో మనం ఒప్పుకోని పనులు, అవమానపడ్డ రోజు రాత్రి చాలా సబబుగా కనిపిస్తాయి. యోసేపు ఆ హక్కును వాడుకోలేదు. ముందు తనను నమ్మిన యజమాని సంగతి చెప్పాడు, తర్వాత, 'నేనెట్లు ఇంత ఘోరమైన దుష్కార్యము చేసి దేవునికి విరోధముగా పాపము కట్టుకొందును' అన్నాడు. దొరికిపోతానేమో అన్న టెన్షన్ ఆ జవాబులో ఎక్కడా లేదు.

అతనే తన మీదికి వచ్చాడని ఆమె అబద్ధం చెప్పింది. అతని నీతికి దొరికిన ఫలితం చెరసాల. నమ్మకంగా ఉంటే దేవుడు వెంటనే పైకి లేపుతాడని చెప్పేవాళ్లు ఈ అధ్యాయాన్ని కొంచెం తొందరగా దాటేస్తారు. ఇక్కడ అతను పాపం చేయనందుకే జైలుకు వెళ్లాడు. అతని బట్ట అబద్ధానికి సాక్ష్యం కావడం అది రెండోసారి. మొదట అన్నలు మేక రక్తంలో ముంచి నాన్నకు చూపించిన అంగీ, ఇప్పుడు ఆమె చేతిలో మిగిలిన వస్త్రం. ఆమె అతన్ని పేరు పెట్టి కూడా అనదు. 'ఆ హెబ్రీ దాసుడు' అంటుంది, అంతే. అయితే యెహోవా అతనికి తోడై ఉన్నాడన్న మాట ఆ ఒక్క 39వ అధ్యాయంలోనే నాలుగుసార్లు వస్తుంది. రెండుసార్లు దాసుడిగా ఉన్న ఇంట్లో, రెండుసార్లు చెరసాలలో. ఆ తోడు సంకెళ్లను తీసేయలేదు. ఇనుము అతని ప్రాణాన్ని బాధించిందని 105వ కీర్తన దాచకుండా చెబుతుంది.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన వచనం 40:7. ఫరో పానదాయకుల అధిపతి (రాజుకు పానపాత్ర అందించేవాళ్ల పెద్ద), భక్ష్యకారుల అధిపతి (రొట్టెలు చేసేవాళ్ల పెద్ద) అదే చెరసాలలో పడ్డారు. ఒక ఉదయం యోసేపు వాళ్ల దగ్గరికి వచ్చి, ఎందుకు ఈ రోజు మీ ముఖాలు చిన్నబోయి ఉన్నాయి అని అడిగాడు. ఎంత మామూలు ప్రశ్న! కానీ బాధలో ఉన్నవాడికి పక్కవాడి ముఖం కనబడదు. నా కష్టం ముందు నీ కష్టమెంత అనే హక్కు కూడా గాయమే ఇస్తుంది. యోసేపు దాన్నీ వాడుకోలేదు. వాళ్లు కలలు వచ్చాయన్నారు. కలల వల్లే జీవితం తలకిందులైన మనిషి ఆ మాట వినగానే ముఖం తిప్పుకోవాలి. అతనేమో, భావాలు చెప్పడం దేవుని అధీనమే గదా, నాకు చెప్పండి అన్నాడు. విశ్వాసం నిలిచి ఉందనడానికి నాకు ఇంతకన్న గట్టి రుజువు అక్కరలేదు.

అలాగని అతను నోరు మూసుకుని కూర్చోలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే హింసపడుతున్నవాళ్లతో 'యోసేపులా మౌనంగా సహించు' అనేవాళ్లున్నారు. ఆ సలహా వాక్యంలో లేదు. గుంటలో ఉన్నప్పుడు అతను అన్నలను బతిమాలాడని 42:21లో వాళ్లే ఒప్పుకుంటారు. చెరసాలలో పానదాయకుడితో, ఫరోకు నా సంగతి చెప్పి నన్ను బయటికి రప్పించు అని సూటిగా అడిగాడు. హెబ్రీయుల దేశంలోనుంచి నన్ను దొంగిలించారు, ఇక్కడ కూడా చెరలో వేయదగిన పని ఏదీ చేయలేదు అన్నాడు. జరిగింది అన్యాయమని స్పష్టంగా చెప్పాడు. కానీ అన్నల పేరు, యజమాని భార్య పేరు ఎత్తలేదు. పానదాయకుడు మరచిపోయాడు. ఇంకా రెండేళ్లు.

తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే: ఫరో కలల భావం చెప్పి ఐగుప్తుకు అధికారి అయ్యాడు, కరువులో అన్నలు ధాన్యం కోసం అతని ముందుకే వచ్చారు. అధికారం వచ్చాక అన్నలతో కఠినంగా మాట్లాడి, వాళ్లను మూడు రోజులు కావలిలో ఉంచి, వాళ్లలో షిమ్యోనును బంధించడం నాకు పూర్తిగా మింగుడుపడదు. వాళ్లు మారారో లేదో పరీక్షించాడని వివరిస్తారు. అయి ఉండవచ్చు. అతను ఈ మధ్యలో పక్కకు వెళ్లి ఏడ్వడం మాత్రం రాసి ఉంది.

చివరి పరీక్ష నాన్న యాకోబు చనిపోయాక వచ్చింది. కుటుంబం ఐగుప్తుకు వచ్చి అప్పటికి 17 ఏళ్లు. అన్నలకు ఇంకా భయం పోలేదు. నాన్న లేడు కాబట్టి ఇప్పుడు పగ తీర్చుకుంటాడనుకుని కబురు పంపారు. ఆ మాట విని యోసేపు ఏడ్చాడు. గాయం ఇచ్చే హక్కుకు ఇప్పుడు రాజాధికారం కూడా తోడైంది, ఆపేవాడెవడూ లేడు. 'నేను దేవుని స్థానంలో ఉన్నానా' అని అడిగాడు. మీరు నాకు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు ఉద్దేశించాడు అన్నాడు. కీడును కీడనే అన్నాడు, తగ్గించి చెప్పలేదు. తర్వాత, మిమ్మల్నీ మీ పిల్లల్నీ నేను పోషిస్తాను, భయపడకండి అని వాళ్లతో ప్రీతిగా మాట్లాడాడు.