కల్లు ఆపేస్తే ఫిట్స్

వ్యసనాల చికిత్సపై శిక్షణకు జిల్లా కేంద్రానికి వెళ్లి వచ్చాను. డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు, ఎక్సైజ్ సిబ్బంది ఒకే గదిలో కూర్చోవడం మా ఉద్యోగాల్లో అరుదు.

తెలంగాణలో ఈ మాట ఎత్తితే కల్తీ కల్లు రాకుండా ఉండదు. అందులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపామ్ అనే మత్తు మందులకు అలవాటుపడిన మనిషికి ఒక్కసారిగా కల్లు అందకపోతే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, మాట తడబడి పొంతన ఉండదు, ఫిట్స్ కూడా వస్తాయి. ఇంట్లోవాళ్లేమో గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. "దుకాణం మూయించాకైనా మాకొక ఫోన్ చేయండి సార్, మందులు సిద్ధంగా పెట్టుకుంటాం" అని ఒక సీనియర్ సిస్టర్ అనగానే ఎక్సైజ్ ఆయన మారు మాట్లాడకుండా నంబరు రాసుకున్నారు. శిక్షణ మొత్తంలో అసలైన పని జరిగింది అక్కడే!

ఇంకొకటి. ఏళ్ల తరబడి బాగా తాగి, తిండి లేక నీరసించి వచ్చినవారికి గ్లూకోజ్ కంటే ముందు థయమిన్, అంటే విటమిన్ బి1, ఇవ్వాలి. లేకపోతే మెదడుకు ముప్పు. సెలైన్ ఎక్కిస్తే చాలనుకునే మన ఊళ్లలో ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం.

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం గురించి భోజనాల తర్వాత చెప్పారు, సగం హాలు కునికిపాట్లు పడింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 మాత్రం అందరూ రాసుకున్నారు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీరూ ఫోన్‌లో దాచుకోండి.