సప్తగిరి బస్సు అద్దం, ప్లాస్మా అద్దం

పోయిన శనివారం కొండకి పోతుంటే సప్తగిరి బస్సులో ముందు సీటు దొరికింది. డ్రైవరు పక్కనున్న అద్దం ఇంజన్ అదురుకి గజగజా వణుకుతోంది, దాని మీద పడ్డ ఎండ పైకప్పు మీద చిందులేస్తోంది. ఇంటర్ చదివే మా పిన్ని కొడుకు పక్కనే ఉన్నాడు. "అన్నా, నువ్వు మొన్న చెప్పిన లేజర్ అద్దం ఇట్లాంటిదేనా?" అన్నాడు.

సగం కరెక్టే. నేను వాడికి చెప్పింది ప్లాస్మా అద్దం గురించి, బలమైన లేజర్ తగిలిన చోట గాజు పైపొరే అద్దమై ఊగుతూ, తన మీద పడ్డ కాంతి రంగు మార్చి పంపిస్తుంది. కాకపోతే బస్సు అద్దం ఎంత వణికినా వెలుగు మచ్చ కదులుతుందే తప్ప రంగు మారదు. రంగు మారాలంటే అద్దం దాదాపు కాంతి వేగంతో ఊగాలి. రేణిగుంటలో ఆగకుండా దూసుకుపోయే గూడ్సు బండి హారన్ మన వైపు వచ్చేటప్పుడు కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది చూడండి, ఇదీ అదే డాప్లర్ సంగతి. ఎదురొచ్చే అద్దానికి తగిలిన కాంతి అల నలిగిపోయి దాని ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, అంటే రంగు మారుతుంది. ఐన్‌స్టీన్ 1905 పేపర్లోనే కదిలే అద్దం లెక్క ఉంది. సరే, అంత వేగంగా ఊగే అద్దం ఎవరు చేసివ్వాలి?

లేజరే చేసుకుంటుంది, నాకు నచ్చింది అదే. మన తిరుపతి ఎండ మాడు పగలగొట్టేది చదరపు సెంటీమీటరుకు 0.1 వాట్‌తోనే. ఈ లేజర్‌ది అంతే చోటికి 1 పక్కన 18 సున్నాల వాట్లు, అదీ ఓ 30 ఫెమ్టోసెకన్ల పాటు (సెకనుని పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఫెమ్టోసెకను). ఆ దెబ్బకి గాజు పలక పైపొర ప్లాస్మా (ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువు లాంటిది) అయిపోతుంది, అందులో ఎలక్ట్రాన్లు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే కాంతి లోపలికి పోలేక వెనక్కి తిరుగుతుంది. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులు, అంటే అయాన్లు, బరువు కాబట్టి (అన్నిట్లో తేలికైన ప్రోటానే ఎలక్ట్రాన్‌కి 1836 రెట్లు) కదలవు. ఎలక్ట్రాన్లని మాత్రం కాంతి తన విద్యుత్ క్షేత్రంతో బయటికి లాగి మళ్ళీ లోపలికి తోస్తుంది, 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ అయితే 2.7 ఫెమ్టోసెకన్లకోసారి. ఏటవాలుగా కొడితే ప్రతి ఊపులో ఒకసారి ఆ పొర కాంతికి ఎదురు ఉరికి, అలని నలిపి చిన్న మెరుపులా విసురుతుంది. ఆ మెరుపు తాళం తప్పకుండా మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టే అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు అట్లా కొత్త ఫ్రీక్వెన్సీలు వస్తాయి. ఇరవయ్యోది 40 నానోమీటర్లు, కంటికి కనిపించని అల్ట్రావయొలెట్.

2023 నోబెల్ వచ్చిన అటోసెకన్ (ఫెమ్టోసెకనులో వెయ్యో వంతు) మెరుపులు వాయువులో పుట్టించినవి. అక్కడ లేజర్ మరీ పెంచితే పరమాణువులన్నీ ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని పని చెడుతుంది. ఇక్కడ ఆ బాధ లేదు. ఉన్న బాధల్లా లేజర్ అసలు పల్స్‌కి ముందే వచ్చే చిన్న పల్స్‌తోనే, అది గాజుని ముందే కరిగించి ప్లాస్మాని పొగలా విరజిమ్మిందంటే అద్దం మసకే.

ఇదంతా విని వాడు అడిగింది ఒక్కటే, "అన్నా, మరి అద్దం పగలదా?"

పగలదా మరి! ఒక్క దెబ్బకే అక్కడ గుంట పడుతుంది. అందుకే ప్రతి షాట్‌కీ పలకని కాస్త జరిపి, కొత్త చోట కొడతారు.