108 స్లైడర్లు, రుచి చూడకుండా

మా అబ్బాయి హైస్కూలు మార్చింగ్ బ్యాండ్‌లో ట్రాంబోన్ అనే ఇత్తడి బూర వాయిస్తాడు. మేముండేది డాలస్‌కు ఉత్తరాన. ఇక్కడ శుక్రవారం రాత్రి అంటే ఫుట్‌బాల్. ఆటకు ముందు, సాయంత్రం 5 గంటలకు, ట్రాంబోన్‌ల నుంచి ట్యూబాల వరకు పెద్ద ఇత్తడి బూరలు వాయించే పిల్లలందరికీ తల్లిదండ్రులే వంతులవారీగా భోజనం పెడతారు. పేర్లు రాసుకునే పట్టికలో ఆ వారం ఒక్క గడే మిగిలింది: చీజ్‌బర్గర్ స్లైడర్లు, 36 మందికి. అందులో నా పేరు రాశాను.

నేను బీఫ్ తినను. పిల్లలు ఇష్టంగా తినేది వండి పెట్టడానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు, మా ఆవిడకూ లేదు. అయితే వంట చేసేవాడికి నాలుకే పెద్ద ఆసరా. పులుసులో ఉప్పు చూడకుండా నేను ఇంతవరకు గిన్నె దించలేదు. ఇప్పుడు ఆ ఆసరా లేకుండా 36 మందికి వండాలి. త్రాసు, థర్మామీటర్, కళ్లు, వేళ్లు, వీటినే నమ్ముకోవాలి.

స్లైడర్ అంటే అరచేతిలో ఇమిడే చిన్న బర్గర్. ఆ ఆకారానికి పేరు తెచ్చింది 1921లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో మొదలైన వైట్ కాసిల్. వాళ్లు పెనం మీద ఉల్లిపాయలు పరిచి, వాటి ఆవిరి మీద పలుచని చదరపు మాంసం బిళ్లలను ఉడికిస్తారు. ఆవిరి పైకి రావడానికి బిళ్లకు అయిదు చిల్లులుంటాయి. ఇళ్లలో గుంపుకు చేసేటప్పుడు చాలామంది ఒక్కొక్క బిళ్ల కాల్చరు. ట్రే అంతటికీ ఒకే పలకగా ఖీమా పరిచి ఓవెన్‌లో కాల్చి, విడదీయని బన్నుల మధ్య పెట్టి, మళ్లీ కాల్చి, చివర్లో ముక్కలు కోస్తారు.

అంతకుముందు ఆదివారం ఒక ట్రే చేసి చూశాను. మన ఇళ్లలో ఖీమా ఉండలకు కలిపినట్టే సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, ఉప్పు వేసి బాగా పిసికాను. బన్నుల మీద చెడ్డార్ చీజ్ తురిమాను. ట్రే బయటికి తీసేసరికి పైన చూడముచ్చటగా ఉంది. ఒక ముక్క ఎత్తబోతే అడుగు బన్ను ట్రేకే అంటుకుని ఉండిపోయింది, తడిసిన అట్టలా. మావాడు తిని, నమిలి, నెమ్మదిగా అన్నాడు: "నాన్నా, రుచి బాగానే ఉంది. కానీ మాంసం రబ్బరులా సాగుతోంది."

వాడు చెప్పిన ఆ రెండు మాటలతో మూడు రోజులు గడిపాను. ఉప్పు వేసి పిసికితే మాంసంలోని ప్రొటీన్ కరిగి జిగురై, ఒకదానికొకటి పట్టుకుంటుంది. కబాబుకు, సాసేజ్‌కు కావలసింది అదే, బర్గర్‌కు మాత్రం అది పనికిరాదు. పచ్చి ఉల్లిపాయ ఓవెన్‌లో నీరు వదిలింది. చెడ్డార్ వేడికి విడిపోయి నూనె కార్చింది. అన్నీ కలిసి చేరింది అడుగు బన్నులోకే. అప్పుడు అర్థమైంది, ఈ వంటంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుందని: తడి రొట్టెను చేరేలోపే దాన్ని బయటికి పంపాలి.

శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టాను. 12 బన్నులుండే ప్యాకెట్లు 8, పావ్‌భాజీలో తినే పావు రొట్టె 12 ముక్కల పలక ఒకటి, మొత్తం 108. మనిషికి మూడు. ఆరు ప్యాకెట్లకు బీఫ్, రెండింటికి టర్కీ కోడి మాంసం, పావు రొట్టెకు శాకాహారం. ఒక్కో ప్యాకెట్‌కు పౌండున్నర ఖీమా చొప్పున బీఫ్ 9 పౌండ్లు, టర్కీ 3 పౌండ్లు. బీఫ్‌లో కొవ్వు 20 శాతం ఉన్నది తీసుకున్నాను. మరీ తక్కువ కొవ్వుదైతే కాలాక పొడిపొడిగా అవుతుంది.

ఉల్లిపాయలు ముందురోజు రాత్రే వేయించి పెట్టుకున్నాను. 13 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉన్న ట్రేలో 3 పౌండ్ల ఖీమాను పిసకకుండా, వేళ్లతో అద్దుతూ అంచుల దాకా పరిచాను. కాలితే పలక అన్ని వైపుల నుంచీ ముడుచుకుంటుంది కాబట్టి బన్నుల కన్నా పెద్దదిగా పరచాలి. ఫోర్కుతో అంతటా గుచ్చాను. పౌండుకు ముప్పావు టీస్పూను ఉప్పు, మిరియాల పొడి పైన మాత్రమే, ఓవెన్‌లోకి వెళ్లే ముందు చల్లాను.

ఓవెన్ 400 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 204 సెల్సియస్. పద్దెనిమిది నిమిషాల తరువాత థర్మామీటర్ సూదిని పలక పక్క నుంచి అడ్డంగా దించాను. పై నుంచి గుచ్చితే ఇంత పలుచని పలకలో సూది ట్రే వేడినే చూపిస్తుంది. బీఫ్ ఖీమా 160 డిగ్రీలు, టర్కీ 165 చేరాలి. రుచి చూసే వీలు లేని నాకు ఆ అంకె కనబడగానే గుండె నెమ్మదించింది.

తరువాతి పని చేస్తుంటే ఇంకెవరికైనా చూపించాలనిపించింది. మందపాటి చేతి తొడుగులతో ట్రేను ఒక మూలకు వంచాను. పలక జారకుండా గరిటెతో ఆపితే, దాని కింద నుంచి కొవ్వు, నీరు కలిసి సన్నని ధారగా ఖాళీ గిన్నెలోకి కారింది. ధార ఆగిందనుకుని ట్రే దించబోతే మళ్లీ వచ్చింది. రెండు నిమిషాలు అలాగే పట్టుకున్నాను. తరువాత పాత తువాలు మడతల మీద పరిచిన పేపర్ నాప్కిన్లతో పలకను పైన అద్దాను. మూడు ట్రేలకు గిన్నె సగం నిండింది. ఆదివారం ఆ సగం గిన్నెలో మా ట్రే వంతు బన్నులే తాగాయి.

బన్నులను విడదీయకుండా 12నూ కలిపి పెద్ద రంపపు కత్తితో అడ్డంగా కోయాలి. అరచెయ్యి పైన ఆన్చి, కత్తిని నేలకు సమాంతరంగా, తొందరపడకుండా. అడుగు సగాలను ట్రేలో పెట్టి అయిదు నిమిషాలు కాల్చాను. దాని మీద ఒక వరుస చీజ్, పలక, వేయించిన ఉల్లిపాయ, మళ్లీ చీజ్, పై సగం. అడుగున చీజ్ రొట్టెకు గొడుగులా ఉంటుంది. ఈసారి అమెరికన్ చీజ్ బిళ్లలు వాడాను. ఇక్కడ చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు. కానీ అందులో కలిపే సోడియం సిట్రేట్ వంటి లవణాల వల్ల కొవ్వు, నీరు విడిపోకుండా మెత్తగా కరుగుతుంది. ఈ వంటకు దాన్ని మించింది లేదు.

పైన రాసే వెన్నలో ఆవాల పేస్టు, కాస్త బెల్లపు రంగు చక్కెర, వోస్టర్‌షైర్ సాస్ కలుపుతారు. ఆ సాస్‌లో మన నెత్తళ్ల జాతి చేపలుంటాయి. అందుకని శాకాహారం ట్రేకు వేరే గిన్నెలో సోయా సాస్‌తో కలిపాను, కుంచె కూడా వేరే. ఆ ట్రేకు మరో చిక్కు ఉంది. మిగతా ట్రేలకు వాడిన హవాయి తీపి బన్నుల్లో గుడ్డు ఉంటుంది, పిల్లల్లో ఇద్దరు గుడ్డు తినరు. ఇండియన్ దుకాణంలో పావు అట్ట మీద చదివి, గుడ్డు లేదని నిర్ధారించుకుని తెచ్చాను. పావు పలకను చేతిలోకి తీసుకున్నప్పుడు చాలా సంతోషం వేసింది. 1878 నుంచి చెరకు తోటల పనికి హవాయి వెళ్లిన పోర్చుగీసులు తీసుకెళ్లిన తీపి రొట్టెలోంచే ఆ హవాయి బన్నులు పుట్టాయి. మన దేశంలో పావు కూడా పోర్చుగీసుల మాటే, వాళ్ల రొట్టే. రెండు సముద్రాల దారిన వెళ్లిన అక్కచెల్లెళ్లు మా వంటింటి బల్ల మీద పక్కపక్కన కూర్చున్నట్టుంది. పావులోకి ఉడికించిన అలసందలు, బంగాళాదుంప మెదిపి, అల్లం, పచ్చిమిర్చి వేసి, పెనం మీద తడి ఆరేదాకా వేయించి పలకలా పరిచి కాల్చాను. అలసందలంటే టెక్సస్ వాళ్లకూ ప్రీతే. దీన్ని మాత్రం రుచి చూశాను, రెండుసార్లు.

350 డిగ్రీలలో ఫాయిల్ కప్పి 13 నిమిషాలు, తీసేసి మరో 6 నిమిషాలు. 4:40కి చివరి ట్రే వచ్చింది. తువాళ్లు పరిచిన కూలర్ పెట్టెల్లో సర్దేటప్పుడు ఫాయిల్ మూలలు కాస్త తెరిచి ఉంచాను. బిగించి కడితే ఆవిరి చుక్కలై బన్నుల మీదే పడుతుంది. ఊరవేసిన దోసకాయ ముక్కలు విడిగా డబ్బాలో తీసుకెళ్లాను, అవీ తడి సరుకే కాబట్టి.

బ్యాండ్ హాలు బయట బల్ల మీద ట్రేలు తెరిచేసరికి పిల్లలు వరుస కట్టారు. మొదట ఖాళీ అవడం మొదలైంది పావు రొట్టె ట్రే. మాంసం తినేవాళ్లే చేతులు పెట్టారు. నాకు గాభరా వేసి అందులోంచి ఆరు తీసి, గుడ్డు తినని ఆ ఇద్దరి పేర్లు ఫాయిల్ మీద రాసి పక్కన పెట్టాను. వాళ్లు యూనిఫారాలు వేసుకుని ఆలస్యంగా వచ్చి, తమ పేర్లు చూసుకుని, నిలబడే తినేశారు.

బీఫ్ ట్రే మూల నుంచి ఒక స్లైడర్ ఎత్తి తిరగేసి చూశాను. అడుగు గోధుమరంగులో ఉంది. బొటనవేలితో నొక్కితే పొడిగా, మెత్తగా ఆనింది. మావాడు అది నా చేతిలోంచే తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం అయ్యేదాకా వాడి ముఖం వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాను.

తల ఊపి, ఇంకోటి తీసుకుని ట్రాంబోన్ కోసం పరిగెత్తాడు.