చిటికెడు ఉప్పు కన్నా తక్కువ

మూడేళ్ల క్రితం వరకు గుంటూరు యార్డులో మిరప కొని, పక్క రాష్ట్రాల వ్యాపారులకు అమ్మడమే మా పని. జర్మనీ నుంచి ఒకాయన తొడిమ తీసిన తేజ రకం మిరప కావాలన్నప్పుడు, కాగితాలు సర్దుకుంటే చాలనుకున్నాను. నిజానికి కాగితాలు తేలికే. ఎగుమతి దిగుమతులకు కావాల్సిన ఐఈసీ నంబరు, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కాస్త ఓపిక పడితే వచ్చేశాయి.

అసలు కథ ఒప్పందం రెండో పేజీలో ఉంది. బూజు నుంచి పుట్టే విషం అఫ్లాటాక్సిన్. అందులో బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదు. ఐరోపా సమాఖ్య పెట్టిన హద్దు అది. మా 14 టన్నుల సరుకుకు లెక్కేస్తే బి1 మొత్తం 70 మిల్లీగ్రాములు, అంటే చిటికెడు ఉప్పు కన్నా తక్కువ. నవ్వొచ్చింది.

పరీక్షలో బి1 కిలోకు 11 మైక్రోగ్రాములు వచ్చాక నవ్వు ఆగిపోయింది.

గోదాములో టిక్కీలు, అంటే మిరప సంచులు, విప్పించి, నేలమీద పోయించాను. పైకి నిగనిగలాడే ఎర్రటి కాయలే. ఒకదాన్ని గోటితో చీల్చి చూస్తే గింజల చుట్టూ పచ్చటి ఛాయలో బూజు. రైతుల వారీగా మళ్లీ పరీక్ష చేయిస్తే మూడు లాట్లలోనే దోషం తేలింది. ఆ మూడూ ఒకే ఊరివి.

ఊరికి వెళ్లి అడిగాను: "బాబాయ్, సంచుల్లో తొక్కే ముందు నీళ్లు చల్లారా?"

"చల్లకపోతే కాయ విరిగిపోతుంది కదయ్యా. విరిగితే ధర కోసేది మీరే."

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే కోసేవాళ్లం. బూజుకు తడిని అందించింది మా తరాజే అన్నమాట. పైగా ఒకసారి చేరిన ఆ విషం మళ్లీ ఎండబెడితే పోదు. ఆ మూడు లాట్లకు ఆరు నెలలు కోల్డ్ స్టోరేజీ అద్దె కట్టాను. అదొక వేరే తలనొప్పి.

రెండో విడతకు రైతులూ నేనూ కొత్త మాట అనుకున్నాం. కాయను మట్టి నేల మీద పోయరు, పట్టాల మీదే ఆరబెడతారు. సాయంత్రం మంచు పడకముందే కప్పుతారు. నీళ్లు చల్లరు. విరిగిన కాయకు ధర కోయను. ఈసారి పరీక్షలో బి1 కిలోకు 1.8 మైక్రోగ్రాములే వచ్చింది. సరుకులో చీడపీడలు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ తీసుకుని చెన్నై రేవు నుంచి పంపాను. భారత మిరపను ఐరోపా అదనపు తనిఖీల జాబితాలో పెట్టింది కనుక అక్కడి రేవులో మళ్లీ నమూనా తీస్తారేమోనని, సరుకు విడుదలైందన్న కబురు వచ్చేదాకా నిద్ర పట్టలేదు.

ఈ ఏడాది బాబాయ్ నా కళ్లెదుటే టిక్కీలు విప్పి విరుగు వేరు చేయించాడు. "నీళ్లు చల్లలేదు. ఇక నీ మాట చూద్దాం" అన్నాడు. టిక్కీకి కిలోన్నర దాకా తేలింది. దాన్నీ మంచి కాయ ధరకే పుస్తకంలో రాసుకున్నాను.