సబ్‌వూఫర్ పెట్టెకు టెర్మినల్ బిగించిన కథ

కారు డిక్కీలో ఉన్న పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్ (లోతైన దరువు పలికించే పెద్ద స్పీకరు) దరువుతో పాటు సన్నగా ఈల కూడా వేసేది. ఆరు నెలలు ఆ ఈల పాటలోదే అనుకున్నాను. ఒకరోజు పెట్టె వెనక చెయ్యి పెడితే, తీగ బయటికి వచ్చే చోట అరచేతికి గాలి కొట్టింది. పెట్టె చేసిన వడ్రంగి ఒక రంధ్రం పొడిచి, తీగ లాగి, చుట్టూ జిగురు పూసి వదిలేశాడు. మూసిన పెట్టెలో లోపలి గాలే కోన్‌కు, అంటే స్పీకరులో ముందుకీ వెనక్కీ ఊగే గరాటు రేకుకు, స్ప్రింగు. అది జారిపోతే దరువుకు పట్టు ఉండదు.

కోఠీలోని గుజరాతీ గల్లీలో టెర్మినల్ కప్పు కొన్నాను. తీగలు కలపడానికి ఎరుపు, నలుపు మరలున్న చిన్న ప్లాస్టిక్ గిన్నె అది.

ముందుగా వూఫర్ విప్పి పక్కన పెట్టాను. పెట్టె ఎం.డి.ఎఫ్.ది, అంటే చెక్క నారను అదిమి చేసిన పలక. దాని పొట్టు పిండిలా ఉంటుంది, కోన్‌ను కదిపే తీగచుట్ట, అంటే కాయిల్‌లోకి దూరితే ఇక అంతే. తరువాత కప్పు అంచును కొలిచి, మూడు అంగుళాల వృత్తం గీసేశాను. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాక అనుమానం వచ్చి కప్పును గీత మీద పెట్టి చూశాను. అంచు సరిగ్గా గీతంతే ఉంది! అలాగే కోస్తే స్క్రూలకు చెక్కే మిగలదు, కప్పు పెట్టెలో పడుతుంది. కొలవవలసింది లోపలికి దిగే గిన్నెను. అది రెండుంపావు.

ఇంకో చిక్కు, పాత రంధ్రం. గుండ్రని రంపానికి నడుమ ఉండే బిట్టు గట్టి చెక్కలో దిగితేనే రంపం కదలకుండా నిలుస్తుంది. అందుకని కేంద్రాన్ని ముప్పావు అంగుళం పక్కకు జరిపాను. పాత రంధ్రం కొత్త దానిలో కలిసిపోయింది. ఈ ఒక్క ఆలోచనకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మిగతా పని తేలికే. స్క్రూలకు ముందే సన్నని రంధ్రాలు వేశాను, లేకపోతే ఈ చెక్క ఉబ్బి పగులుతుంది. అంచు కింద స్పాంజి పట్టీ, లోపల చుట్టూ సిలికోన్ జిగురు. పులుపు వాసన కొట్టే ఆ రకం ఆవిరి రాగిని తినేస్తుంది కాబట్టి, ఒక రోజంతా ఆరనిచ్చాకే వూఫర్ బిగించాను.

తీగలు తారుమారు కాలేదని చూసుకోవడానికి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ధన కొసను ఎరుపు మరకు, రెండో కొసను నలుపుకు తాకించాను. కోన్ బయటికి రావాలి. నాది లోపలికి పోయింది! లోపలి తీగలు రెండూ ఒకే రంగువి మరి. మళ్ళీ విప్పి, తారుమారు చేసి బిగించాను. మల్టీమీటరు 3.4 ఓంలు చూపింది. నాలుగు ఓంల కాయిల్ మీటరులో కాస్త తక్కువే చూపుతుంది, కాబట్టి అది సరైన లెక్కే.

చివరగా దరువున్న పాట పెట్టి, కప్పు చుట్టూ అగరుబత్తి తిప్పాను. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఆయుధపూజ దసరాకు కదా నాయనా" అంది. కప్పు దగ్గర పొగ నిటారుగా లేచింది. వూఫర్ అంచు దగ్గర మాత్రం వణికింది, అక్కడ ఒక స్క్రూ వదులుగా ఉంది. బిగించాను.

ఈల పోయింది. ఇప్పుడు వెనక నంబరు ప్లేటు గలగలమంటోంది.