స్పితి లోయ కంకర దారులూ, నా ఎక్సెల్ షీటూ

హిమాచల్ ప్రదేశ్‌లో స్పితి లోయకి సైకిల్ ట్రిప్ బయల్దేరే ముందు ఎక్సెల్‌లో ఒక షీట్ చేశా. తాబో నుంచి కాజా 47 కిలోమీటర్లు, కాజా నుంచి లోసర్ 57, బాతల్ నుంచి గ్రాంఫూ 50, ఇవన్నీ మనం ఆదివారం పొద్దున టిఫిన్‌కి ముందు తొక్కేసే దూరాలే కదా, రోజుకొకటి పెట్టుకుంటే మధ్యలో రెండు రోజులు రెస్ట్ కూడా మిగులుద్ది అనుకుని మావాడికి పంపించా. వాడు ఓకే అని థంబ్సప్ పెట్టాడు. ఇద్దరిలో ఒక్కడు కూడా అంతకుముందు హిమాలయాల్లో సైకిల్ ఎక్కిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

సెప్టెంబర్ మొదట్లో వెళ్ళాం. జూన్, జులైలో అయితే మంచు కరిగి నాలాలు (కొండవాగులు) పొంగుతుంటాయి, అక్టోబర్ దాటితే కుంజుమ్ పాస్ (కనుమ) ఎప్పుడు మూసేస్తారో చెప్పలేం, అందుకని ఆ మధ్యలో. రికాంగ్ పియో నుంచి కాజా వెళ్ళే బస్సు టాప్ మీద సైకిళ్ళు కట్టేసి తాబోలో దిగిపోయాం. నిజానికి పియో నుంచే తొక్కాలి, ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలిసే చోటు సైకిల్ మీద నుంచి చూడాల్సిందే, కానీ సెలవులు అన్ని లేవు. బస్సు కిటికీలోంచి చూశా, ఒకవైపు కొండని తొలిచి చేసిన రోడ్డు, అది నెత్తి మీదకి వంగినట్టు ఉంటుంది, రెండో వైపు చూడకపోవడమే మంచిది.

తాబో 3,280 మీటర్ల ఎత్తు. అక్కడ రెండు రాత్రులు ఏమీ చెయ్యకుండా పడుకున్నాం, మొత్తం ట్రిప్‌లో మేం చేసిన తెలివైన పని అదొక్కటే. 996లో కట్టిన గొంపా (బౌద్ధ మఠం) ఉంది అక్కడ, బయట నుంచి చూస్తే మట్టి గోడలు, మనూళ్ళో పాతకాలం గాదెల్లాగా ఉంటాయి, లోపలికి పోతే చీకట్లో గోడల నిండా బొమ్మలు. ఫోటోలు తియ్యనివ్వరు. వెయ్యేళ్ళ మట్టి గోడ ఇంకా నిలబడి ఉందంటే అక్కడ వాన ఎంత తక్కువో అర్థం చేసుకోవచ్చు, స్పితి అంతా వానని కొండలు అవతలే ఆపేసే వైపు ఉంటుంది. మావాడు మాత్రం గోడ చూసి, "రేయ్, ఈ మట్టి మన రోడ్డు మీద కూడా ఉంటే బాగుండు, టైర్‌కి మెత్తగా" అన్నాడు.

నావి 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లు, వాడివి 40. అక్కడ ఆ అయిదు మిల్లీమీటర్లకి ఉన్న విలువ ఇంకెక్కడా ఉండదు. ఇంకో విషయం, ఎత్తుకి వెళ్ళేకొద్దీ బయట గాలి పల్చబడుతుంది కాబట్టి టైర్ లోపల ప్రెషర్ పెరిగినట్టే, బ్యాగ్‌లో చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బడం చూశాక గానీ నాకు ఆ సంగతి బుర్రకెక్కలేదు. మొదటిరోజు రాయిలాంటి టైర్లతో తొక్కి చేతులు తిమ్మిరెక్కించుకున్నా. రెండో రోజు నుంచి బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోయేంత గాలి తీసేశా, స్వర్గం.

తాబో నుంచి శిచ్‌లింగ్ దాకా నది పక్కనే, హాయిగా వెళ్ళిపోయాం. అక్కడ నుంచి ధన్‌కర్‌కి 8 కిలోమీటర్ల ఎగుడు. షీట్‌లో దానికి గంట రాశాను. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది, అందులో సగం నెట్టుకుంటూ నడిచిందే. ధన్‌కర్ ఒకప్పుడు స్పితి రాజధాని, కోటా గొంపా ఒక మట్టి కొండ కొన మీద ఎప్పుడు జారతాయో అన్నట్టు కూర్చుని ఉంటాయి. కింద పిన్ నది వచ్చి స్పితిలో కలుస్తుంది, అంత వెడల్పు లోయలో నీళ్ళు దారాలు చిక్కుపడినట్టు పాయలు పాయలుగా పోతుంటాయి. రాత్రికి అక్కడే హోమ్‌స్టేలో ఉన్నాం. ఆ ఇంటి ఆంటీ మమ్మల్ని చూసి "జూలే" అని నవ్వి, వేడి తుక్పా (నూడుల్స్ సూప్) పెట్టి, రేపెటు అని అడిగింది. పిన్ వ్యాలీకి పోయి సాయంత్రానికి వెనక్కి వస్తాం అంటే, పొద్దున పోండి కానీ మధ్యాహ్నం తిరిగి రాకండి, గాలి ఉంటుంది అంది. గాలే కదా అనుకున్నాం.

అత్తర్‌గో బ్రిడ్జి దాటి ఎడమకి తిరిగితే పిన్ లోయ, చివర ఊరు మడ్ దాకా 34 కిలోమీటర్లు. ఈ ట్రిప్‌లో గ్రావెల్ బైక్‌కి (కంకర దారుల కోసం చేసిన సైకిల్) సరిగ్గా సరిపోయిన దారి ఏదంటే నేను దీన్నే చెప్తా. కొంత తారు, తర్వాత గట్టిపడిన మట్టి, అక్కడక్కడా కొండ మీద నుంచి జారిన రాళ్ళ కుప్పలు, పక్కన బఠాణీ చేలు, ట్రాఫిక్ దాదాపు సున్నా. పొద్దున పోయేటప్పుడు ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టే పోయాం, మా కాళ్ళ బలమే అనుకుని ఒకరినొకరు మెచ్చుకున్నాం కూడా.

అది గాలి. ఎండకి కొండ వాలులు వేడెక్కితే లోయలో కింది నుంచి పైకి గాలి లేస్తుంది, పది దాటితే మొదలై సాయంత్రం దాకా తగ్గదు. అంటే నది పుట్టిన వైపుకి పోతుంటే ఫ్రెండు, నదితో పాటు దిగుతుంటే శత్రువు. మడ్ నుంచి ఒంటిగంటకి వెనక్కి తిరిగాం, దిగుడే కదా గంటన్నరలో పోతాం అని. దిగుడులో కూడా పెడల్ తొక్కకపోతే సైకిల్ ఆగిపోయే పరిస్థితి నేను జీవితంలో మొదటిసారి చూశా. కళ్ళనిండా ఇసుక. రోడ్డేమో రేకుల షెడ్డు కప్పులాగా ముడతలు ముడతలు, నెమ్మదిగా పోతే ప్రతి ముడతా నడుముకి తగులుతుంది, స్పీడుగా పోతే వాటి మీద తేలిపోవచ్చు, కానీ ఎదురుగాలి స్పీడు ఎత్తనివ్వదు.

సగ్నమ్ దాటాక మావాడి వెనక టైర్ కోసుకుపోయింది. ఆ వైపు కొండలన్నీ పలకరాయి, పగిలితే అంచు కత్తిలా ఉంటుంది, సైడ్‌వాల్ (టైర్ పక్క భాగం) మీద సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ చీలిక. టైర్ లోపల చిల్లులు మూయడానికి పోసే సీలెంట్ తెల్లగా బుస్సుమని చిమ్మి ఆగింది, ప్లగ్గు ఒకటి పెట్టాం ఊడింది, రెండు పెట్టాం, రెండూ ఊడాయి. ఇక ట్యూబ్ వెయ్యాల్సిందే, కానీ చీలికలోంచి ట్యూబ్ బుడగలా బయటికి వచ్చేస్తుంది కదా, లోపల ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. నా టూత్‌పేస్ట్ ట్యూబ్ తీసి, మిగిలిన పేస్ట్ అంతా ఒక కవర్లోకి పిండేసి, ట్యూబ్‌ని నిలువునా కోసి నీళ్ళతో కడిగి తుడిచి, అగ్గిపెట్టెంత ముక్క కత్తిరించి, మూలలు గుండ్రంగా చేసి (మూల ఉంటే అదే ట్యూబ్‌ని కోస్తుంది) చీలిక లోపల పెట్టాం. గాలి కొట్టేటప్పుడు మావాడు చీలిక మీద వేలు పెట్టి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చీలికలోంచి ఎర్రగా పేస్ట్ కంపెనీ అక్షరం ఒకటి కనిపించింది, అంతే, ఉబ్బలేదు. ఆ ముక్కతోనే మిగతా ట్రిప్ అంతా తొక్కాడు, రోజూ పొద్దున లేవగానే ముందు ఆ అక్షరం చూసుకునేవాడు, ఎంత కనిపిస్తోందో అని.

కాజా చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి షీట్ తెరిచి కిలోమీటర్ల కాలమ్ డిలీట్ చేసి "ఎన్నింటికి బయల్దేరాలి" అని కొత్త కాలమ్ పెట్టా.

కాజా 3,650 మీటర్ల దగ్గర ఉంటుంది, ఒక రోజు తిని పడుకుని, మర్నాడు పైనున్న ఊళ్ళ లూప్‌కి బయల్దేరాం, హిక్కిమ్, కోమిక్, లాంగ్జా. కాజా నుంచి లెక్కేస్తే హిక్కిమ్ 15 కిలోమీటర్లే, ఎక్కాల్సింది మాత్రం ఏడెనిమిదొందల మీటర్లు, అది కూడా సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతం గాలితో. మెలికకో సారి ఆగాం. హిక్కిమ్‌లో 1983 నుంచి నడుస్తున్న పోస్టాఫీసు ఉంది, ప్రపంచంలోనే ఎత్తైనదని అక్కడ అందరూ చెప్తారు, పోస్ట్‌కార్డు రాద్దామని కూర్చుంటే తలనొప్పికి ఏం రాయాలో తోచలేదు, అమ్మకి "బాగానే ఉన్నా" అని మాత్రం రాసి వేశా. చేతిరాత చూస్తే బాగాలేనని ఎవరికైనా తెలుస్తుంది. కోమిక్ ఇంకా పైన, 4,587 మీటర్లు, అక్కడికి వెళ్ళాలని వాడు, వద్దని నేను, చివరికి నా తలనొప్పే గెలిచింది.

లాంగ్జాలో పెద్ద బుద్ధ విగ్రహం, వెనక చౌ చౌ కాంగ్ నీల్దా శిఖరం. ఊళ్ళో పిల్లాడొకడు జేబులోంచి నల్లరాయి తీసి చూపించాడు, లోపల నత్తగుల్ల చుట్టలు చుట్టుకుని, గీతలతో సహా. అమ్మొనైట్, ఒకప్పుడు ఈ కొండలన్నీ టెథిస్ సముద్రం అడుగున ఉండేవి అనడానికి సాక్ష్యం. చేతిలో పెట్టుకుని చూసి తిరిగి ఇచ్చేశా, వాటిని కొనొద్దు, పట్టుకుపోవద్దు. సముద్రం అడుగున కూర్చుని ఊపిరి అందట్లేదు అనుకుంటే కాస్త నవ్వొచ్చింది.

తర్వాత కీ గొంపా, కిబ్బర్, చిచమ్ మీదుగా లోసర్. అందరూ నది పక్క మెయిన్ రోడ్డు మీద పోతారు, కానీ సైకిల్ అయితే పై దారే పట్టుకోండి. చిచమ్ బ్రిడ్జి 2017లో తెరిచారు, అంతకుముందు ఊళ్ళోవాళ్ళు ఆ లోతు మీద తాడుకి కట్టిన తొట్టిలో కూర్చుని చేత్తో లాక్కుంటూ దాటేవాళ్ళట. బ్రిడ్జి మధ్యలో ఆగి కిందకి ఒక్కసారి చూశా, రెండోసారి చూడలేదు. అక్కడ నుంచి కియాటో వైపు మైదానంలాంటి గడ్డి నేల, మట్టి దారి, మేం తప్ప మనిషి లేడు, తర్వాత దిగుడు. ఆ దిగుడులో బ్రేక్ ప్యాడ్లు వాసన వచ్చాయి. స్పేర్ ప్యాడ్లు రెండు జతలు పెట్టుకోండి, దారిలో కొనుక్కోవచ్చులే అనుకోకండి.

లోసర్ నుంచి కుంజుమ్ 19 కిలోమీటర్లు, పొద్దున అయిదున్నరకే బయల్దేరాం, బాటిల్‌లో నీళ్ళ మీద సన్నటి ఐస్ పొర. పాస్ 4,551 మీటర్లు. పైన కుంజుమ్ మాత గుడి, బళ్ళన్నీ ఒక ప్రదక్షిణ చేసి పోతాయి, మేం కూడా సైకిళ్ళతో చేశాం. చంద్రతాల్ సరస్సుకి పక్కకి వెళ్ళి వచ్చాం, అందంగానే ఉంది, దాని గురించి అందరూ రాస్తారు.

ఎవరూ సరిగ్గా చెప్పనిది బాతల్ నుంచి గ్రాంఫూ గురించి. రోడ్డు అని మ్యాప్‌లో గీత ఉంటుంది, ఉన్నది చంద్రా నది పక్కన కొబ్బరికాయల సైజు గుండ్రాళ్ళ పరుపు. గంటకి ఆరేడు కిలోమీటర్లు, అది కూడా పడిపోకపోతే. నాలాలు రోడ్డు మీద నుంచే పోతాయి, పొద్దున మోకాలి కింద ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి పైన గ్లేసియర్ కరిగి తొడల దాకా వస్తాయి, అందుకే మొదటి రోజు పదకొండింటికి ఒక నాలా దగ్గర ఆగిపోయి మర్నాడు ఆరింటికి దాటాం. సాక్సులు విప్పేసి షూ మాత్రం ఉంచుకుని, సైకిల్‌ని నీళ్ళు వచ్చే వైపు కాకుండా కింది వైపు పట్టుకోవాలి, లేకపోతే ప్రవాహం దాన్ని మన కాళ్ళ మీదకే తోస్తుంది. అవతలి గట్టుకి చేరాక పాదాలు ఉన్నాయో లేవో చూసుకుంటే గానీ తెలియలేదు. మావాడు మాత్రం కాళ్ళు తుడుచుకోకుండా టైర్ తిప్పి అక్షరం చూసుకుంటున్నాడు.

ఆ యాభై కిలోమీటర్లకి రెండు రోజులు. గ్రాంఫూలో తారు రోడ్డు ఎక్కగానే టైర్ల కింద చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది, చెవులు మూసుకుపోయాయేమో అనుకుని వెనక్కి తిరిగి "రేయ్" అని అరిచా. "వినపడుతోందిరా, అరవకు" అన్నాడు.